‘హాస్టల్లో వేసేస్తా’ అనే ముందు

ఈ నెల శీర్షిక మొత్తం ఫోస్టర్ కేర్ పిల్లలకే కేటాయిస్తున్నాను. ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గోడు: పిల్ల మాట వినడం లేదు, పిల్లాడు చేతికి రావడం లేదు. ఉత్తరాలను కుదించాను. పిల్లలను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఫోస్టర్ కేర్ దత్తత కాదు. సొంత ఇంట్లో ఉండే వీలు లేని పిల్లలనో, హోముల్లో ఉంటూ చూడటానికి ఎవరూ రాని పిల్లలనో, ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో జిల్లాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద ఒక కుటుంబం తమ ఇంట్లో పెట్టుకుని పెంచుతుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ కింద నడిచే ఏర్పాటు ఇది. మిషన్ వాత్సల్య పథకంలో ఒక్కో పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఆ డబ్బు కోసమే పెంచుతున్నారని ఇరుగుపొరుగు గొణుక్కోవడం నాకూ తెలుసు. నాలుగు వేలతో ఇవాళ ఒక పిల్లను పెంచి చూపించమనండి వాళ్ళని.

నేను బాలసదనంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషిని. కాబట్టి ఇక్కడ చెప్పేవాటిలో చదివిన దానికంటే చూసిందే ఎక్కువ.

ప్రశ్న: మా ఇంటికి తొమ్మిదేళ్ళ పాప వచ్చి నాలుగు నెలలైంది. కడుపునిండా తింటుంది. అయినా చపాతీలు, బిస్కెట్లు, ఒకసారి పప్పన్నం కూడా బడి సంచిలో, దిండు గలీబులో దాస్తున్నది. చీమలు పడుతున్నాయి. అడిగితే ‘నేను కాదు’ అంటుంది. మా అత్తమ్మ ‘దొంగబుద్ధి, ఇప్పుడే వంచాలె’ అంటున్నది. మొన్న కోపంలో ‘ఇట్లయితే మళ్ళ హోముకు పంపిస్త’ అన్నాను. ఆ రాత్రి నుంచి పక్క తడుపుతున్నది. ఏం చేయాలి మేడమ్?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: తల్లీ, ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడుకుందాం, చీమల సంగతి తర్వాత.

‘హాస్టల్లో వేసేస్తా’, ‘బూచోడికి ఇచ్చేస్తా’, ‘నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నాం’... ఈ మాటలు అనని ఇల్లు మన దగ్గర ఉండదు. కడుపున పుట్టిన పిల్ల కాసేపు ఏడ్చి మరిచిపోతుంది. తనను ఎవరూ ఎక్కడికీ పంపరని దానికి తెలుసు. మీ పాపను మాత్రం నిజంగానే పంపించారు. ఇంట్లోంచి సమితి ఆఫీసుకి, ఆఫీసు నుంచి హోముకి, హోము నుంచి మీ ఇంటికి. ప్రతిసారీ ఎవరో పెద్దవాళ్ళు బట్టలు సంచిలో పెట్టారు, ఎవరో సంతకం చేశారు. కాబట్టి మీరన్న మాటను తను ఉన్నదున్నట్టుగా నమ్మింది.

ఇవాళే పాప పక్కన కూర్చుని, పొడుగ్గా కాదు, రెండే వాక్యాలు చెప్పండి: ‘ఆ రోజు కోపంలో అన్నాను. నువ్వు తప్పు చేశావని నిన్ను పంపించను.’ ‘ఎప్పటికీ ఇక్కడే ఉంటావు’ అని మాత్రం చెప్పకండి. అది మీ చేతిలో లేదు, సమితి చేతిలో ఉంది. రేపు పాప తల్లో మేనమామో నిలదొక్కుకుని అడిగితే సమితి అటు చూడాలి కదా. మీ చేతిలో ఉన్నది ఒక్కటే, అల్లరికి శిక్షగా పంపించకపోవడం. ఆ మాట ఇవ్వండి. ఇచ్చాక మళ్ళీ ఎంత ఒళ్ళు మండినా ఆ బెదిరింపు మీ నోట రాకూడదు. మీ అత్తమ్మ నోట కూడా.

ఇక తిండి. హోములో గంట కొడితే వరసలో కూర్చోవాలి. గిన్నెలు తోమేశాక రాత్రి పదింటికి ఆకలేస్తే ఎవరిని అడుగుతుంది? గుడ్లు లెక్క, అరటిపళ్ళు లెక్క, ఆదివారం చికెన్ ముక్కలూ లెక్కే. అంతకు ముందు ఇంట్లో అసలు పొయ్యి వెలగని రోజులు ఉన్నాయేమో మనకు తెలియదు. అలాంటి పిల్ల కడుపు నిండాక కూడా రేపటికి దాచుకుంటుంది. మీరు ఎంత పెట్టినా, రేపు కూడా పెడతారన్న నమ్మకం నాలుగు నెలల్లో రాదు.

ఒక స్టీలు డబ్బా కొనండి, గట్టి మూత ఉన్నది. దాని మీద పాప పేరు చెక్కించండి, స్టీలు సామాన్ల కొట్టులో అక్కడికక్కడే చెక్కి ఇస్తారు. అందులో సకినాలో, పల్లీపట్టీలో, బిస్కెట్ ప్యాకెట్టో, చెడిపోనివి పెట్టండి. డబ్బా పాప మంచం దగ్గరే ఉంటుంది. అడగకుండా తినొచ్చు. అర్ధరాత్రి తిన్నా సరే. మీ పని అది ఖాళీ కాకముందే నింపడం. నింపుతూ ‘అప్పుడే అయిపోయిందా!’ అన్నారో, డబ్బా పెట్టి లాభం లేదు. మొదట్లో రెండు మూడు రోజులకే ఖాళీ అవుతుంది. ఆ తర్వాత అందులో సకినాలు మెత్తబడి మీరే పారేయాల్సి వస్తుంది. ఆ వారం నాకు ఉత్తరం రాయండి, సంతోషిస్తాను.

చపాతీ, అన్నం లాంటివి దొరికితే ‘ఇది నువ్వే పెట్టావా?’ అని అడగొద్దు. జవాబు మీకు తెలిసిన ప్రశ్న అడిగి, పిల్ల అబద్ధం చెప్పిందని బాధపడటంలో అర్థం లేదు. ‘సంచిలో చపాతీ ఉంది, పాడైపోతుంది, రా, తీసేసి డబ్బాలో పల్లీపట్టి వేసుకుందాం’ అనండి, చాలు. ఏ తప్పుకైనా సరే, అన్నం మానిపించడం, డబ్బా లాక్కోవడం, అందరికీ స్వీటు పెట్టి ఆ పిల్లకు పెట్టకపోవడం చేయకండి.

పక్క తడపడం విషయంలో, ముందు ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మలబద్ధకం ఉన్నా ఇలా అవుతుంది. ఏమీ లేదంటే అది భయం, తగ్గుతుంది. పరుపు మీద రబ్బరు షీటు, పక్కన మడతపెట్టిన ఇంకో దుప్పటి, మార్చుకునే గౌను. పొద్దున తడి బట్టలు బకెట్లో పడేయడం వరకు పాపే చేయొచ్చు, అదీ ఎవరూ చూడకుండా. వరండాలో అందరి ముందు దుప్పటి ఆరేసి ‘చూడండి ఈమె గారి నిర్వాకం’ అనే అలవాటు మీ ఇంట్లో లేదనే అనుకుంటున్నాను.

అత్తమ్మగారి విషయం: ఆవిడను మార్చడానికి వాదించకండి, ఆ వయసులో వాదనతో ఎవరూ మారరు. పాపకూ ఆవిడకూ కలిపి ఒక పని పెట్టండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, సంక్రాంతి వస్తే సకినాలకు పిండి కలపడం. పక్కన కూర్చుని పని చేసిన పిల్లను దొంగ అనడం పెద్దవాళ్ళకు కష్టం. అది ఎన్నో ఇళ్ళలో చూశాను.

ప్రశ్న: పదకొండేళ్ళ బాబు. నేను, నా భార్య ఇద్దరం ఉద్యోగస్తులం. గోడ మీద చార్టు పెట్టి మంచి పనికి స్టారు, చెడ్డ పనికి స్టారు కొట్టేయడం చేశాం. వారంలో 20 స్టార్లొస్తే సైకిల్ అన్నాం. మూడో రోజే చార్టు చింపేశాడు. ఇంకో వింత, ‘వెరీ గుడ్’ అంటే చాలు, అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి పగలగొడతాడు. గదిలో పెట్టి గడియ వేస్తే తలుపు తన్నుతాడు. మా అన్నయ్య ‘రెండు తగిలిస్తే దారికొస్తాడు’ అంటున్నాడు.
– కాకినాడ నుంచి ఒక తండ్రి

జవాబు: అన్నయ్యగారి సలహాతో మొదలుపెడదాం, ఎందుకంటే అది తేల్చడం తేలిక. మీ సంరక్షణలో ఉన్న పిల్లాడిని కొడితే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ వర్తిస్తుంది. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సమితి బాబును మీ ఇంటి నుంచి తీసుకెళ్ళిపోవచ్చు కూడా. చట్టం మాట అటుంచండి. ఈ పిల్లల్లో చాలామంది దెబ్బలు తినే వచ్చారు. దెబ్బకు వాళ్ళు భయపడరు, ‘అనుకున్నదే, వీళ్ళూ అంతే’ అనుకుని ఊరుకుంటారు. అదే మీకు పెద్ద నష్టం.

గడియ కూడా తీసేయండి, బాబూ. విడిచిపెట్టి వెళ్ళిపోయారన్న బాధ మీదున్న పిల్లాడిని ఒంటరిగా మూసిపెడితే తలుపు తన్నక ఏం చేస్తాడు? కోపం వచ్చినప్పుడు మీరు అదే గదిలో కాస్త దూరంగా కూర్చోండి. మాట్లాడకండి, పాఠం చెప్పకండి, ఫోను చూడకండి. పగిలే వస్తువులు పక్కకు జరపండి. ఉప్పెన తగ్గాక మంచినీళ్ళు ఇవ్వండి. మాటలన్నీ ఆ తర్వాతే.

చార్టు ఆలోచన చెడ్డది కాదు, పెట్టిన తీరే బాగోలేదు. వారం అనేది ఆ పిల్లాడికి చాలా దూరం. వచ్చే వారం ఏ ఇంట్లో ఉంటాడో తెలియకుండా గడిపినవాడు 20 స్టార్ల కోసం ఎదురుచూడలేడు. ఇంకో పొరపాటు, వచ్చిన స్టారును కొట్టేయడం. సోమవారం బడికి టైముకి తయారయ్యాడు, అది జరిగిపోయిన నిజం. మంగళవారం గ్లాసు పగలగొట్టాడని సోమవారం మంచితనం ఎక్కడికి పోతుంది? మీ ఆఫీసులో పోయిన నెల జీతం వెనక్కి లాగేసుకుంటే మీరేం చేసేవారో ఆలోచించండి. నేనైతే చార్టు కాదు, గోడే పగలగొట్టేదాన్ని.

కొత్తగా మొదలుపెట్టేటప్పుడు ఒకే ఒక్క పని ఎంచుకోండి. అది కూడా పిల్లాడు ఇప్పటికే సగం చేస్తున్న పని అయితే మంచిది. బడి నుంచి రాగానే బూట్లు స్టాండులో పెట్టడం అనుకోండి. పెట్టిన రోజు ఆ సాయంత్రమే ఫలితం ఉండాలి. పెట్టని రోజు ఏమీ ఉండదు, తిట్టు కూడా ఉండదు. ఫలితం వస్తువు కాకుండా మీతో గడిపే సమయం అయితే ఎక్కువ పనిచేస్తుంది: మీ బండి మీద ఉప్పాడ బీచ్ రోడ్డు దాకా ఓ రౌండు, టీవీలో ఆ రాత్రి ఏం చూడాలో వాడే నిర్ణయించడం, మీతో క్యారమ్స్ ఒక ఆట. మీ ఊరి కాజా చేతికందుతూనే ఉంటుంది, నాకు తెలుసు, కానీ దాన్ని బహుమతి చేయకండి. పై ఉత్తరానికి రాసిన జవాబు చూడండి, ఈ పిల్లలకు తిండి తిండిగానే దొరకాలి. సైకిల్ కొనగలిగితే పుట్టినరోజుకి కొనేయండి, స్టార్లతో ముడిపెట్టకుండా.

‘వెరీ గుడ్’ అంటే పగలగొట్టడం వింత కాదు. తాను చెడ్డవాడినని వాడికి గట్టి నమ్మకం. మీరు గుడ్ అనగానే, ‘వీళ్ళకు నా సంగతి తెలియదు, తెలిశాక ఏమవుతుందో ఇప్పుడే చూసేద్దాం’ అన్న కంగారు. అందుకని మెచ్చుకోలు చిన్నదిగా ఉండాలి, మనిషి మీద కాకుండా పని మీద ఉండాలి. బట్టలు మడతపెడుతూ, వాడి ముఖం కూడా చూడకుండా, ‘బూట్లు స్టాండులో ఉన్నాయి, చూశాను’ అని పక్క గదిలోకి వెళ్ళిపోండి. చుట్టాల ముందు పొగడకండి, అది వాడికి పరీక్షలా ఉంటుంది. కొన్నాళ్ళకు వాడే వచ్చి ‘ఇవాళ కూడా పెట్టాను’ అంటాడు. అప్పుడు కొంచెం గొంతు పెంచి మెచ్చుకోవచ్చు.

ఏం చేయకూడదో చెప్పే బదులు ఏం చేయాలో చెప్పండి. ‘అరవకు’ అంటే వాడికి దారి కనపడదు. ‘మెల్లగా చెప్పు, వింటున్నా’ అంటే కనపడుతుంది. ‘స్నానానికి పో’ అనే చోట ‘ముందు స్నానమా, ముందు హోంవర్కా?’ అని అడగండి. తన జీవితంలో ఏ నిర్ణయమూ తనను అడిగి చేయలేదు, ఆ చిన్న ఎంపికకు చాలా విలువ. పగిలిన గ్లాసు సంగతంటారా, చెప్పులు వేసుకుని మీరు చీపురు పట్టండి, వాడు చేట పట్టుకుంటాడు. ఎత్తి పారేయండి. ఆ విషయం అక్కడితో వదిలేయండి, రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ తీయకండి.

ఒక హెచ్చరిక. తనను తాను గాయపరచుకోవడం, చచ్చిపోతాననడం, జంతువులను హింసించడం ఉంటే ఇంటి చిట్కాలతో ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కౌన్సెలర్‌ను అడగండి. అడిగితే మిమ్మల్ని చేతకానివాళ్ళు అనుకుంటారన్న టెన్షన్ వద్దు.

ప్రశ్న: అక్కాతమ్ముళ్ళిద్దరూ మా దగ్గరే ఉన్నారు. నెలకోసారి వాళ్ళమ్మ వచ్చి చూసి వెళ్తుంది. వెళ్ళాక మూడు రోజులు నరకం. పెద్దది మాట్లాడదు, చిన్నోడు కొరుకుతాడు. ఆమెను రావొద్దని చెప్పొచ్చా?
– కర్నూలు

జవాబు: చెప్పకూడదు. కన్నవాళ్ళు వచ్చి చూసే వీలు చట్టమే ఇచ్చింది. పిల్లల మేలు కాదనుకుంటే ఆపాల్సింది సమితి, అదీ కారణాలు రాసి. మీకు నిజంగా అనుమానం ఉంటే, ఆమె తాగి వస్తోందనో పిల్లలను బెదిరిస్తోందనో, తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి జిల్లా బాలల సంరక్షణ అధికారికి చూపించండి. పిల్లలు ఏడుస్తున్నారన్నది మాత్రం కారణం కాదు. అమ్మ వెళ్ళిపోతే ఏడవని పిల్లల గురించి నాకు ఎక్కువ బెంగ.

ఆ మూడు రోజులను ముందే లెక్కలో వేసుకోండి. ఆమె వచ్చే రోజు క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి పిల్లలకు చూపించండి. వెళ్ళేటప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఆమె చేతే చెప్పించండి. ఆ సాయంత్రం చుట్టాలిళ్ళు, ట్యూషన్, షాపింగ్ ఏమీ పెట్టుకోకండి. రోజూ తినే అన్నమే, రోజూ పడుకునే టైమే. పెద్దపిల్ల మాట్లాడకపోతే మాట్లాడించొద్దు, తల దువ్వుతూ కూర్చోండి. చిన్నోడు కొరికితే చేయి విడిపించుకుని ‘కొరకనివ్వను. అమ్మ వెళ్ళిందని కోపంగా ఉందా?’ అని ఒక దిండు చేతికివ్వండి. ఆమె గురించి పిల్లల ముందు చెడ్డగా అనకండి. తల్లిని తిడితే తమనే తిట్టినట్టు వింటారు వాళ్ళు.

ఇంకో రోజు కూడా ఇలాగే ఉంటుంది, మీరు రాయకపోయినా చెబుతున్నాను. ఫోస్టర్ ఇళ్ళను నెలనెలా తనిఖీ చేయాలని చట్టం. ఫైలు పట్టుకున్న మనిషి గుమ్మంలో కనపడగానే పిల్ల లోపలికి పోయి బట్టలు సంచిలో సర్దేసుకుంటుంది. ఎవరూ చెప్పరు, తనే సర్దుకుంటుంది. అందుకని ముందురోజే ‘రేపు మేడమ్ వస్తారు, టీ తాగి వెళ్ళిపోతారు, నువ్వు సాయంత్రం ఇక్కడే ఉంటావు’ అని చెప్పి ఉంచండి. వచ్చిన మేడమ్‌కి కూడా ఓ మాట చెప్పండి, ముందు పిల్ల బడి కబుర్లు అడిగి, ఫైలు తర్వాత తీయమని.

ప్రశ్న: మా సొంత పాపకి ఎనిమిదేళ్ళు. ‘ఆ అక్క ఏం చేసినా ఏమనరు, నేను చేస్తే తిడతారు’ అని ఏడుస్తోంది. నిజమే అనిపిస్తోంది.
– నిజామాబాద్

జవాబు: నిజమే అయ్యుంటుంది. రోజూ పావుగంట ఈ పాపతో ఒక్కదానితోనే ఉండండి, ఆ అక్క ఊసు లేకుండా. ఇంట్లో రూల్స్ ఇద్దరికీ ఒకటే ఉండాలి, కొట్టకూడదు, అడగకుండా ఒకరి వస్తువు ఒకరు తీయకూడదు. రూలు తప్పినప్పుడు పిల్లను బట్టి నేర్పే తీరు మారుతుంది, ఆ సంగతి ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పినా అర్థమవుతుంది. మీ పాప బొమ్మల్లో కొన్ని ఎవరికీ ఇవ్వనక్కర్లేదని బీరువాలో ఒక అర ఇవ్వండి. ‘పాపం, అక్కకు ఎవరూ లేరు, నువ్వే సర్దుకోవాలి’ అన్న మాట ఇద్దరికీ చేటు.

ప్రశ్న: మా బాబు బడిలో బహుమతి తెచ్చుకున్నాడు. ఫోటో వాట్సాప్ స్టేటస్ పెడితే వాడికీ ప్రోత్సాహంగా ఉంటుంది కదా?
– ఖమ్మం

జవాబు: సంతోషం, కానీ పెట్టకండి. సంరక్షణ అవసరమైన పిల్లల ఫోటో, పేరు, బడి బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టండి, మీ పిల్లల ఫోటోల వరసలోనే. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కూడా.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, లెక్చరర్‌ని. ఫోస్టర్ కేర్‌కి నేను పనికొస్తానా?
– అనంతపురం

జవాబు: వస్తారు. 2016 నాటి మార్గదర్శకాల్లో దంపతులకే అవకాశం ఉండేది. 2024లో సవరించిన వాటిలో 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఒంటరివాళ్ళకూ వీలు కల్పించారు. ఒంటరి మహిళకు ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా అప్పగించవచ్చు, ఒంటరి పురుషుడికి మగపిల్లలను మాత్రమే. ఆరేళ్ళు దాటిన పిల్లలే వస్తారు, చంటిబిడ్డ కావాలంటే ఇది మీ దారి కాదు. రెండేళ్ళు పెంచాక, పిల్ల చట్టపరంగా దత్తతకు అర్హురాలైతే, దత్తత కూడా కోరవచ్చు. అంతకుముందు ఆ గడువు అయిదేళ్ళు ఉండేది.

జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళి అడగండి. ఇంటి పరిశీలనకు వచ్చేవాళ్ళు మీ జీతం చూస్తారు, గదులు చూస్తారు, ఆరోగ్యం అడుగుతారు. దానికంటే గట్టిగా అడగాల్సింది, మీరు క్లాసులో ఉన్నప్పుడు పిల్లకు జ్వరమొచ్చిందని బడి నుంచి ఫోనొస్తే ఎవరు వెళ్ళి తీసుకొస్తారని. అక్కో, పక్కింటి పిన్నిగారో, ఎవరైనా సరే, ఆ మనిషితో ముందే మాట్లాడి ఉంచుకుని దరఖాస్తు పెట్టండి.